ఫ్యామిలీ కోర్టులో ‘కేస్ మేనేజర్’ అంటూ ఒకరు ఉంటారా? ఉంటే ఎవరిని అడగాలి?

చండూరు వైపు నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. వాళ్ళ చెల్లెలు భర్త మీద మెయింటెనెన్స్ (భరణం) కేసు వేసి పది నెలలైంది. ఆ భర్త మహారాష్ట్రలోని భివండీలో సాంచాల (మర మగ్గాల) మీద పనిచేస్తాడు. వాయిదాకు పోవడం, ఇంకో తేదీ రాసుకుని రావడం, ఇంతే నడుస్తోంది. అమెరికాలో ఉన్న వాళ్ళ బావ ‘మీ కేస్ మేనేజర్‌ను కలిసి అడగండి, అంతా ఆమే చూస్తుంది’ అన్నాడట. కోర్టు వరండాలో ఆ మాట అడిగితే నవ్వి పంపించారట.

ముందు సూటిగా చెప్తా. మన కోర్టుల్లో ఆ పేరుతో ఉద్యోగి లేరు. కానీ ఆ పని మాత్రం ఉంది. కాకపోతే అది నలుగురైదుగురి మధ్య ముక్కలు ముక్కలుగా పడి ఉంది, ఎవరి ముక్క వాళ్ళు చూసుకుంటారు, ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి పోయే దగ్గర కేసు ఆగిపోతే అది ఆగిందని చూసే పని మాత్రం ఎవరి డ్యూటీలోనూ లేదు. మీ చెల్లెలి కేసు సరిగ్గా అట్లాంటి చోటే, నోటీసు దగ్గర, ఇరుక్కుందని నా అనుమానం. దాని గురించి కింద వివరంగా రాస్తా.

నేను వకీలును కాను. పాత నల్లగొండ, పాలమూరు జిల్లాల కోర్టుల్లో 31 ఏళ్ళు పనిచేశాను, చివరి ఎనిమిదేళ్ళు ఫ్యామిలీ కేసులకు బెంచ్ క్లర్క్‌ను. రిటైరయ్యాక న్యాయ సేవాధికార సంస్థకు పారాలీగల్ వాలంటీర్‌గా పోతున్నాను. అంటే ఒకప్పుడు బల్లకు అవతల కూర్చున్నవాణ్ణి ఇప్పుడు ఇవతల నిలబడుతున్నాను, ఇటు నిలబడ్డాక కొన్ని సంగతులు కొత్తగా కనిపించాయి.

మీ బావ చెప్పింది అబద్ధం కాదు. అమెరికాలో ఫ్లోరిడా లాంటి రాష్ట్రాల్లో ఫ్యామిలీ కోర్టుకు కేస్ మేనేజర్లు ఉంటారు. ముఖ్యంగా వకీలు లేకుండా వచ్చినవాళ్ళ ఫైలు తీసుకుని, కాగితాలన్నీ ఉన్నాయా, ఎదుటివాళ్ళకు నోటీసు అందిందా, ఇది మీడియేషన్‌కు, అంటే మధ్యవర్తి ముందు రాజీ చర్చకు, పంపాల్సిన కేసా, ఇంట్లో కొట్టడాలు గట్రా ఉన్నాయా అని చూసి, జడ్జి ముందుకు పోయే తేదీ ఇస్తారు. వాళ్ళు కూడా ‘మీరు ఇట్లా చేస్తే గెలుస్తారు’ అని సలహా చెప్పరు, చెప్పకూడదు కూడా. అక్కడ ఆ ఒక్క మనిషి చేసే పని ఇక్కడ ఎవరెవరి దగ్గర ఉందో తెలిస్తే మీ తిరుగుడు సగం తగ్గుతుంది.

ఇంకో గందరగోళం కూడా ఉంది. కొందరు ‘కోర్టు మేనేజర్’ అనే పేరు విని ఆయన గది వెతుక్కుంటూ పోతారు. ఆ పోస్టులు 13వ ఆర్థిక సంఘం డబ్బుతో వచ్చినవి. వాళ్ళది పరిపాలన పని, గదులు, సామాను, లెక్కలు, రిపోర్టులు. మీ కేసు ఆయన బల్ల మీదికి రాదు.

మన దగ్గర ఆలోచనే లేదని కాదు. 2005లో సుప్రీంకోర్టు ముందుకు జస్టిస్ ఎం. జగన్నాధరావు కమిటీ నమూనా నియమాలు వచ్చాయి. కేసులను ట్రాకులుగా విడగొట్టి, మెయింటెనెన్స్, పిల్లల కస్టడీ లాంటివి మొదటి ట్రాకులో పెట్టి వేగంగా నడపాలని అందులో ఉంది. ఆ పని చూడాల్సింది జడ్జీ, ఆఫీసూ అని రాశారు, బాగుంది. కానీ పొద్దున కాజ్ లిస్టు, అంటే ఆ రోజు పిలిచే కేసుల జాబితా, తీస్తే అరవై కేసులు ఉన్న కోర్టులో ఏ ట్రాకు ఎక్కడికి పోతుందో నన్ను అడక్కండి.

ఇక ముక్కల సంగతి.

బెంచ్ క్లర్క్. మీకు రోజూ కనిపించే మనిషి. కేసు ఏ స్టేజీలో ఉంది, తర్వాతి తేదీ ఎప్పుడు, డాకెట్ (ప్రతి వాయిదాకూ జరిగింది రాసే కాగితం) మీద జడ్జిగారు ఏం రాశారు, ఇవి ఆయనకు తెలుసు. వీటిని అడిగే హక్కు మీకుంది, భయపడకండి. కానీ ‘ఆర్డరు ఎట్లా వస్తది సార్’ అని అడిగితే ఆయనకు తెలియదు, తెలిసినా చెప్పకూడదు. పొద్దున కాల్‌వర్క్, అంటే కేసులు వరసగా పిలవడం, అయ్యేదాకా దగ్గరికి పోవద్దు, ఆ గంటలో ఆయన తల ఆయన దగ్గర ఉండదు. మధ్యాహ్నం లంచ్ తర్వాత పోండి, కేసు నంబరు చేత్తో రాసుకుని పోండి, ‘మా చెల్లె కేసు సార్’ అంటే ఎవరికీ గుర్తుండదు. చాయ్ పైసలని ఎవరైనా అడిగితే ఇవ్వకండి. ఇది రాసినందుకు మా పాత దోస్తులు కొందరు నన్ను తిట్టుకుంటారు, తిట్టుకోనీ.

కౌన్సిలర్. 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టం 6వ సెక్షన్ కింద ఉండే మనిషి. అమెరికా కేస్ మేనేజర్‌కు దగ్గరగా వచ్చేది ఈమే, మన జనం ఎక్కువ అపార్థం చేసుకునేదీ ఈమెనే. రాజీకి ప్రయత్నం చేయడం కోర్టు బాధ్యత అని అదే చట్టం 9వ సెక్షన్ చెప్తుంది కాబట్టి జడ్జి మిమ్మల్ని ఆమె దగ్గరికి పంపుతారు. ముందు ఇద్దరినీ విడివిడిగా, తర్వాత కలిపి కూర్చోబెడతారు. ఆమె జడ్జి కాదు. నెలకు ఎంత ఇవ్వాలో ఆమె తేల్చదు. కుదిరిందా లేదా అని రాసి పంపుతుంది, అంతే. మా దగ్గరికి వచ్చిన ఒక తల్లి కౌన్సిలింగ్ రోజున ఊరి పెద్దమనుషులు ఆరుగురిని జీపులో ఎక్కించుకుని వచ్చింది, పంచాయితీ అనుకుని. లోపలికి అమ్మాయినొక్కదాన్నే పిలిచేసరికి బయట పెద్ద రభస. అదే అమ్మాయి లోపల మొట్టమొదటిసారి, పక్కన ఎవరూ లేకుండా, తనకేం కావాలో చెప్పింది. కాపురం కాదట, పెట్టిన ఏడు తులాల బంగారమూ, పిల్లవాడి స్కూలు ఫీజూ. మూడు సిట్టింగుల్లో అది తేలింది, తర్వాత ఇద్దరూ పరస్పర అంగీకారంతో విడాకులకు వేసుకున్నారు. రాజీ అంటే కలిసి ఉండటమే అని మనవాళ్ళు అనుకుంటారు గానీ, మంచిగా విడిపోవడం కూడా ఆ గదిలోనే కుదురుతుంది. ఆ కేసుల్లో ఉండే ఆరు నెలల గడువును కూడా, తగిన కారణాలుంటే, కోర్టు మాఫీ చేయవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇక్కడ ఒక జాగ్రత్త. మీడియేషన్‌లో మాట్లాడిన మాటలు బయటికి రావు, వాటిని కేసులో వాడుకోకూడదు. కానీ పిల్లల కస్టడీ గొడవలో కౌన్సిలర్ ఇచ్చే నివేదికకు ఆ రక్షణ వర్తించదు, 2019లో సుప్రీంకోర్టు తేల్చిన సంగతి ఇది. పిల్లవాడు ఎవరి దగ్గర ఎట్లా ఉన్నాడో ఆమె రాసింది జడ్జి చూడవచ్చు. కాబట్టి పిల్లవాడికి ‘మీ నాన్న మంచోడు కాదని చెప్పు’ అని నేర్పించి పంపకండి. నేర్పిన మాట పిల్లల నోట్లో రెండు నిమిషాలు కూడా నిలవదు, ఆమె కనిపెట్టేస్తుంది. ఇంట్లో దెబ్బలు తిన్న ఆడబిడ్డ అయితే మొదటి రోజే ఆ మాట చెప్పాలి, అతనితో ఒకే గదిలో కూర్చోలేనని చెప్పాలి. అడగనిదే ఎవరూ ఊహించుకోరు.

సఖి కేంద్రంలో కేస్ వర్కర్. పేరులో కేస్ అని ఉన్న ఉద్యోగి మన జిల్లాల్లో నిజంగా ఉన్నది ఇక్కడే. ఇంట్లోంచి గెంటేస్తే, కొడితే, 181కు ఫోన్ చేస్తే వాళ్ళు అందుకుంటారు. కొన్ని రోజులు ఉండటానికి చోటు, వైద్యం, పోలీసుల దగ్గరికి తోడు, లీగల్ ఎయిడ్‌కు దారి, ఇవన్నీ ఆమె చూస్తుంది. కానీ ఫ్యామిలీ కోర్టులో మీ కేసు ప్రతి వాయిదాకూ ఆమె రాలేదు. 2005 గృహహింస చట్టం కింద ప్రొటెక్షన్ ఆఫీసర్ అని ఇంకొకరు ఉంటారు, ఆ కేసు మామూలుగా మెజిస్ట్రేటు దగ్గర నడుస్తుంది. రెండు కేసులూ వేసినవాళ్ళు ఇది అదేననుకుని ఒక తేదీకి పోయి ఇంకోటి పోగొట్టుకోవడం చాలాసార్లు చూశాను.

వకీలు. లెక్క ప్రకారం మీ కేసుకు మేనేజర్ ఆయనే. చట్టం 13వ సెక్షన్ చూస్తే ఫ్యామిలీ కోర్టులో వకీలు ద్వారా వాదించుకోవడం హక్కు కాదని ఉంటుంది, కానీ ఆచరణలో దాదాపు అందరికీ అనుమతి ఇస్తారు. పెట్టుకునే స్తోమత లేకపోతే జిల్లా కోర్టు ఆవరణలోనే ఉండే న్యాయ సేవాధికార సంస్థకు పోండి, ఫోన్ అయితే 15100. ఆడవాళ్ళకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత వకీలు ఇస్తారు, ఇది 1987 చట్టంలోనే ఉంది. ‘గవర్నమెంటు వకీలు సరిగా చేయడు’ అని చాలామంది అంటారు. మంచివాళ్ళూ ఉన్నారు, పట్టించుకోనివాళ్ళూ ఉన్నారు, డబ్బిచ్చి పెట్టుకున్న వకీళ్ళలో ఉన్నట్టే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా, నోటీసు. నా సర్వీసులో పెండింగు పడిన మెయింటెనెన్స్ కేసుల్లో ఎక్కువ ఇక్కడే ఆగినవి. మన ప్రాంతం సంగతి మీకు తెలిసిందే, చేనేతవాళ్ళు భివండీకో సూరత్‌కో పోతారు, పాలమూరు వైపు నుంచి ముంబై, పూణే పనులకు పోతారు. పిటిషన్‌లో ‘భివండీ, మహారాష్ట్ర’ అని ఒక్క ముక్క రాస్తే ఎట్లా అందుతుంది? ఏ గల్లీ, ఏ సేఠ్ కార్ఖానా, ఏ చాల్, గది నంబరు ఎంత, ఇవి ఎవరు చెప్తారు? కోర్టుకు తెలియదు, వకీలుకు తెలియదు. మీ చెల్లెకు తెలియాలి, లేకపోతే వాళ్ళ ఊరి నుంచి అక్కడ పనిచేసేవాళ్ళను అడిగి తెలుసుకోవాలి.

అడ్రసు సరిగ్గా ఉన్నా మధ్యలో ఇంకో మూడు మెట్లున్నాయి. ఒకటి, బత్తా. నోటీసు పంపడానికి కట్టాల్సిన ఫీజు, కవర్లు, పిటిషన్ కాపీలు దాఖలు చేస్తేనే నోటీసు బయటికి పోతుంది. ఇవి పెట్టకపోతే డాకెట్ మీద ‘బత్తా కట్టలేదు’ అని పడి ఇంకో తేదీ ఇస్తారు. పార్టీకి మాత్రం ‘వాయిదా పడింది’ అని చెప్తారు. ఆరు నెలలు వాయిదా పడిందనే అనుకున్నవాళ్ళున్నారు, నిజానికి నోటీసు కోర్టు గేటు కూడా దాటలేదు. రెండు, భాష. తెలుగులో ఉన్న నోటీసు వేరే రాష్ట్రానికి పోతే వెంట హిందీ లేదా ఇంగ్లీషు అనువాదం పెట్టడం మంచిది. భివండీ ఉండే థానే జిల్లా కోర్టు ఉద్యోగికి మన తెలుగు ఏం తెలుస్తుంది? మూడు, తిరిగొచ్చిన కవరు మీద ఏం రాసి ఉంది. ‘డోర్ లాక్డ్’ వేరు, ‘అడ్రస్ సరిపోదు’ వేరు, ‘రెఫ్యూజ్డ్’ వేరు. తీసుకోను అన్నాడంటే చాలామంది ఏడుస్తారు, అది నిజానికి మంచిదే, అందినట్టు లెక్కేసి ముందుకు పోవాలని వకీలు గట్టిగా అడగవచ్చు. కావాలనే తప్పించుకు తిరుగుతున్నాడని కోర్టుకు నమ్మకం కలిగితే మెయింటెనెన్స్ కేసు అతను లేకుండానే నడుస్తుంది. ఆ తర్వాత అతనొచ్చి ఆ ఆర్డరు కొట్టేయించుకోవాలంటే మూడు నెలల్లోపు అడగాలి.

నారాయణపేట వైపు ఒకామె కేసు చెప్తా. భర్త ముంబైలో మేస్త్రీ పని. నోటీసు నాలుగుసార్లు తిరిగొచ్చింది. ఐదోసారి ఆమె బల్ల దగ్గరికి వచ్చి ‘సార్, పీర్ల పండుగకు ఊరికి రాకుండా ఉండడు, ఆ మూడు రోజులు ఇంట్లోనే ఉంటడు’ అన్నది. ఆ ముక్క వకీలుకు చెప్పి మెమో వేయించమన్నాను. ఊరి అడ్రసుకు, ఆ తేదీలకు, కోర్టు మనిషి చేత్తో పంపేలా ఆర్డరు తీసుకున్నారు. అలాయి గుండం దగ్గర అందరి ముందూ నోటీసు చేతిలో పడింది. కోర్టులో ఇంతమంది ఉన్నాం, ఆ తేదీ ఎవరికీ తెలిసే దారి లేదు, ఆమెకు తప్ప.

మీ చెల్లె కేసులో చేయాల్సినవి ఇవి, వరసగానే చేయాలని లేదు. ఫోన్‌లో ఈకోర్ట్స్ సర్వీసెస్ యాప్ పెట్టుకోండి. పిటిషన్ మీద సీఎన్ఆర్ అని 16 అక్షరాలూ అంకెలూ కలిసిన నంబరు ఉంటుంది, లేకపోతే ఎంసీ (మెయింటెనెన్స్ కేసు) నంబరు, సంవత్సరం కొట్టినా వస్తుంది. కేసు హిస్టరీలో ప్రతి వాయిదా ఎందుకు పడిందో ఒక మాట ఉంటుంది. ‘నోటీస్’ అని ఉందా, ‘స్టెప్స్’ అని ఉందా, ‘కౌంటర్’ (ఎదుటివాళ్ళ జవాబు) అని ఉందా చూడండి. ‘స్టెప్స్’ అని ఉంటే బంతి మీ కోర్టులో ఉన్నట్టు, మీ వైపు నుంచి ఏదో పెట్టలేదని అర్థం, వెంటనే వకీలును అడగండి. పది వాయిదాల్లో ఆరింటికి అదే ఉంటే ఇంక నన్ను అడగాల్సిన పని లేదు.

మధ్యంతర మెయింటెనెన్స్‌కు, అంటే కేసు తేలేలోపు ఇచ్చే డబ్బుకు, విడిగా దరఖాస్తు వేశారా? చాలామంది అసలు పిటిషన్ ఒక్కటే వేసి కూర్చుంటారు. నోటీసు అందిన రోజు నుంచి 60 రోజుల్లో, వీలైనంతవరకు, దాన్ని తేల్చాలని చట్టంలోనే ఉంది, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్‌లోనూ ఉంది, 2024 జులై నుంచి దాని స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 144లోనూ ఉంది. దాంతోపాటు ఆస్తులు, అప్పులు, ఆదాయం అన్నీ రాసిన అఫిడవిట్ ఇద్దరూ ఇవ్వాలని 2020 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. మీ చెల్లె తనది ముందే దాఖలు చేసి పెడితే అతను వచ్చిన రోజున ‘మాకు టైం కావాలి’ అనే మాట ఒక వైపు నుంచైనా తగ్గుతుంది. మెయింటెనెన్స్ దరఖాస్తు వేసిన తేదీ నుంచే లెక్క కట్టాలని కూడా ఆ తీర్పులోనే ఉంది, కాబట్టి ఈ పది నెలలు పోయినట్టేనని బెంగ పెట్టుకోవద్దు. కానీ ఆర్డరు వచ్చాక అతను కట్టకపోతే, బాకీ వసూలుకు ఆ నెల డబ్బు బాకీ పడిన రోజు నుంచి ఏడాదిలోపు దరఖాస్తు వేయాలి. ‘ఇస్తానంటున్నడు కదా, చూద్దాం’ అని రెండేళ్ళు ఆగి, పాత నెలలు ఈ దారిలో వసూలు కాకుండా పోగొట్టుకున్నవాళ్ళు నా దగ్గర ఏడ్చారు.

ఇరవై రూపాయల నోటు పుస్తకం ఒకటి కొనండి. తేదీ, ఎవరు పిలిచారు, ఏం జరిగింది, వకీలు ఏం చెప్పారు, తర్వాతి తేదీ, దానికి ముందు మనం ఏం పెట్టాలి. అంతే. నా తప్పు ఒకటి చెప్పి దీని అవసరం చెప్తా. ఒకసారి నేనే హడావుడిలో 13కు బదులు 18 అని చెప్పాను. నల్లమల అంచు ఊరి నుంచి చంటిపిల్లను ఎత్తుకుని మొదటి బస్సుకు వచ్చింది ఆమె. అప్పటికి ఐదు రోజుల ముందే మూడుసార్లు పిలిచి, రాలేదని కేసు కొట్టేశారు. విడాకుల ఓపీ (ఒరిజినల్ పిటిషన్) అది, తిరిగి తెరిపించడానికి 30 రోజుల గడువు ఉంటుంది కాబట్టి సరిపోయింది, జడ్జిగారు మంచివారు కాబట్టి నా తప్పును నా నోటితో చెప్పనిచ్చారు. అప్పట్లో యాప్ లేదు. ఇప్పుడుంది, క్లర్కు చెప్పినా వకీలు చెప్పినా సాయంత్రం యాప్‌లో తేదీ చూసి పుస్తకంలో రాసుకోండి. మనుషులం, పొరపాటు పడతాం.

ఇంకొక మాట. వాయిదాకు మీ చెల్లెతో మీరు పోతున్నారు, మంచిదే. కానీ క్లర్కునైనా వకీలునైనా ఆమెనే అడగనివ్వండి. అన్నలు మాట్లాడి చెల్లెళ్ళు వెనక నిలబడే కేసుల్లో అన్నకు పని పడి రాని రోజున ఆమెకు తన కేసు నంబరు కూడా తెలియదు.

సీఎన్ఆర్ నంబరు ఇక్కడ అందరికీ కనిపించేలా పెట్టకండి, అవసరం లేదు. యాప్‌లో చివరి ఐదు వాయిదాలకు ఏ మాట రాసి ఉందో అది మాత్రం రాయండి, నోటీసు తిరిగొచ్చి ఉంటే కవరు మీద ఏమని ఉందో వకీలును అడిగి అదీ రాయండి. దసరాకు అతను ఊరికి వచ్చే అలవాటు ఉందా?